వ్యాన్ మిస్సింగ్ కొడితే ఇంజిన్ దింపాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

"ఇంజిన్ పోయిందంటన్నా, దింపాలంట." పాత ఓమ్ని వేసుకుని మా షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది ముందు చెప్పేది ఇదే. అసలేమైందని అడిగితే, ఒక్కోసారి మిస్సింగ్ కొడుతోంది, ఒక్కోసారి బాగానే ఉంటోంది అంటారు. సగం జవాబు ఆ రెండో ముక్కలోనే ఉంది. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఓమ్నిది 796 సీసీ, 3 సిలిండర్ల ఇంజిన్. ఒకటి కొట్టడం మానేస్తే, అంటే అందులో పెట్రోల్ మండకపోతే (అదే మిస్సింగ్), మూడో వంతు బలం పోతుంది, బండంతా ఊగిపోతుంది.

అపోహ: మిస్సింగ్ అంటే ఇంజిన్ పని.

వాస్తవం: వాల్వు కాలితే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలీ పెట్రోల్ నొక్కుకుపోయే ఒత్తిడి, పోతుంది. పోయిన కంప్రెషన్ మధ్యాహ్నానికి దానంతటదే తిరిగి రాదు. ఆ సిలిండర్ పొద్దున కొట్టదు, సాయంత్రమూ కొట్టదు. వచ్చి పోయే మిస్సింగ్ అంటే వేడికో, తడికో, అదురుకో తేడా చేసే భాగం ఏదో ఉందన్నమాట. అలాంటివి దాదాపు అన్నీ ఇంజిన్ విప్పకుండానే చేతికందుతాయి: స్పార్క్ పుట్టించి పంచే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, కాయిల్; ఇంకా ఎర్త్ వైరు, పెట్రోల్ ఫిల్టర్, వాక్యూమ్ పైపులు. ఇవేవీ చూడకుండా హెడ్ (సిలిండర్ల మీది మూత) దింపుదామంటే ఒప్పుకోకండి. "కంప్రెషన్ టెస్ట్ చేశారా, ఏ సిలిండర్‌కి ఎంత వచ్చింది?" అని అడగండి. గేజి పెట్టి చూడటం పెద్ద పనేమీ కాదు.

మిస్సింగ్ ఎప్పుడు వస్తోందో గమనించండి. వానకో, మంచు పట్టిన పొద్దునో అయితే వైర్లు, క్యాప్ చూడాలి. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి రోడ్డు మీది నీళ్లు కింద నుంచి చిమ్ముతాయి. బాగా వేడెక్కాక మొదలై, కాసేపు ఆపితే పోతోందా? కాయిల్ లేదా దానికి కరెంటు ఇచ్చి ఆపే ఇగ్నైటర్. ఐడ్లింగ్‌లో ఉండి, స్పీడందుకోగానే పోతే ఎక్కడో గాలి లాగుతోంది. నిండా జనంతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే వస్తే ఫిల్టరైనా మూసుకుపోయి ఉండాలి, స్పార్కైనా బలహీనపడి ఉండాలి. లోడు పడినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. పాతబడిన వైరు దొరికిపోయేది అక్కడే. పెట్రోల్ మీద బాగా నడిచి ఎల్‌పీజీ మీద మిస్సయ్యే బండ్లలో కూడా ముందు స్పార్కే చూస్తాను, గ్యాస్‌కి ఇంకా గట్టి స్పార్క్ కావాలి.

బడి పిల్లల్ని తిప్పే డ్రైవర్ ఒకాయన వానాకాలం మొదట్లో వచ్చాడు. వేరే షెడ్డులో ఇంజిన్ పనికి లెక్క వేసి ఇచ్చారు. డబ్బు కోసం ఇంట్లో బంగారం కుదువ పెట్టడానికి సిద్ధపడ్డాడు. చీకటి పడేదాకా ఉండమన్నాను. లైట్లు ఆర్పి, సీటు ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే సీసాతో వైర్ల మీద కొంచెం నీళ్లు కొట్టాను. మధ్య సిలిండర్ వైరు నుంచి హెడ్ మీదికి నీలం రంగు మెరుపులు టిక్ టిక్‌మంటూ దూకాయి. కళ్లారా చూశాకే ఆయన టెన్షన్ తగ్గింది. వైర్ల సెట్టు, ప్లగ్గులు మార్చి పంపించాను. ఈ పరీక్ష మీరు చేయకండి, అందులో వేల వోల్టులుంటాయి. చేసి చూపించమని మెకానిక్‌ని అడగండి.

వచ్చి పోయే మిస్సింగ్‌లో కూడా హెడ్ దింపక తప్పని సందర్భం ఒకటుంది. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపు మిస్సై, తెల్ల పొగ చాలాసేపు వచ్చి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని (హెడ్ కింద ఉండే సీలుని) అనుమానించాలి.

అపోహ: ప్లగ్గులు కొత్తవి, కాబట్టి లోపం అక్కడ కాదు. బిగించేటప్పుడు పింగాణీ చిట్లితే కొత్త ప్లగ్గూ మిస్సవుతుంది.

అపోహ: బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే తేలిపోతుంది. కార్బొరేటర్ ఉన్న పాత బండికి స్కానర్ పెట్టే చోటే లేదు. ఆ సౌకర్యం ఉన్న బండిలో పీ0302 కోడ్ వస్తే రెండో సిలిండర్ మిస్సవుతోందని అర్థం, ఎందుకన్నది అది చెప్పదు. ఆ ప్లగ్గుని ఒకటో సిలిండర్‌కి మార్చండి. మిస్సింగ్ కూడా ఒకటికి మారితే ప్లగ్గుదే తప్పు, మారకపోతే వైరో, కాయిలో, ఇంజెక్టరో.

అపోహ: అంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లే. వాట్సాప్‌లో తిరిగే ఈ మాట విని విని విసుగొచ్చింది. పాత బండిలో రబ్బరు పైపులు, సీళ్లు చూపించుకోవడం మంచిదే. కానీ వానకి వచ్చి ఎండకి పోయే మిస్సింగ్ కోసం పెట్రోల్ బంకు మార్చి లాభం లేదు. ట్యాంకులో పోసే సీసాల మందులు కూడా చిట్లిన వైరుని బాగుచేయవు.

చివరిగా, "ఎలాగూ నడుస్తోందిగా" అని నెలల తరబడి తిప్పకండి. మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండ్లలో అక్కడికెళ్లి మండి దాన్ని పాడుచేస్తుంది. చెక్ ఇంజిన్ లైటు ఆరిపోతూ వెలుగుతూ ఉంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా, దగ్గర్లోని షెడ్డుదాకా మాత్రమే వెళ్లండి.