‘మావాడికి గొంతు లేదండీ’: సంగీతం టీచరుగా నేను రోజూ వినే అపోహలు

జూన్‌లో బడులు తెరవగానే మా గుమ్మం ముందు కొత్త చెప్పులు కనిపిస్తాయి. పిల్లలను సంగీతంలో చేర్పించడానికి తల్లిదండ్రులు వస్తారు. ఇరవై మూడేళ్లుగా గాత్రం నేర్పుతున్నాను. వచ్చినవాళ్లు కూర్చుని మంచినీళ్లు తాగేలోపే చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. “మావాడికి గొంతు లేదు టీచర్‌గారూ, ఏదో కాస్త అలవాటవుతుందని తీసుకొచ్చాం.” ఆ మాట అంటున్నప్పుడు పిల్లవాడు పక్కనే ఉంటాడు. చాప అంచున ఊడిన పుల్లను లాగుతూ తల దించుకుంటాడు. తల్లి నావైపు చూస్తుంటుంది కాబట్టి వాడి మొహం ఆమెకు కనిపించదు. నాకు కనిపిస్తుంది.

ఈ ఏడాది ఒక్క వారంలోనే ముగ్గురు ఈ మాట అన్నారు. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను. మిగతా అపోహల గురించి చివర్లో నాలుగు మాటలు చెబుతాను. పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మాత్రం ఇదే.

అపోహ: సంగీతం రావాలంటే పుట్టుకతోనే గొంతు ఉండాలి.

వాస్తవం: మాట్లాడగలిగే ప్రతి బిడ్డకూ గొంతు ఉంది. మీరు ‘గొంతు లేదు’ అంటున్నది శ్రుతిలో, అంటే పాటకు ఆధారంగా మోగే నాదంలో, కలవకపోవడాన్ని. అది నేర్చుకుంటే వచ్చే పని. చెవికీ గొంతుకూ మధ్య దారి పడాలి. కొందరికి ఆ దారి నాలుగేళ్లకే పడిపోతుంది. ఇంట్లో అమ్మమ్మ ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటుంది, వీళ్లు వెనకే అందుకుంటూ ఉంటారు. ఇంకొందరికి ఏడేళ్లు నిండినా ఎదురుగా కూర్చుని పాడి వినిపించినవారు ఒక్కరూ ఉండరు. టీవీ పాడుతుంది, ఫోను పాడుతుంది, కానీ అవి పిల్లవాడు తిరిగి పాడేదాకా ఆగవు.

కొన్నేళ్ల క్రితం ఏడేళ్ల పిల్లవాడొకడు వచ్చాడు. అప్పటికే వేరేచోట ఎనిమిది నెలలు నేర్చుకుని, ‘వీడికి రాదు, ఫీజు దండగ’ అనిపించుకున్నాడు. సరళి వరుసలన్నీ, అంటే ‘సరిగమపదనిస’తో మొదలయ్యే తొలి పాఠాలన్నీ, కంఠస్థం. పాడమంటే మాత్రం గడ్డం ఛాతీకి ఆనించి, గొంతు నొక్కుకుని, లోపల్నుంచి గురగురమనే శబ్దం తీశాడు. ఒక్క స్వరమూ తన స్థానంలో నిలవలేదు. “ఎవరి దగ్గర నేర్చుకున్నావు నాన్నా?” అంటే “మాస్టారి దగ్గర” అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది.

నేను పాడమనడం మానేశాను. “మీ అమ్మ వంటింట్లో ఉందనుకో. నువ్వు ముందుగదిలోంచి మెల్లగా పిలువు” అన్నాను. “అమ్మా” అని పిలిచాడు. ఇంకోసారి పిలవమన్నాను. ఆ దీర్ఘం ఎక్కడ నిలిచిందో విని, ఆధార నాదం మోగించే శ్రుతిపెట్టె మీట తిప్పుకుంటూ వెళ్లాను. ఆరున్నర శ్రుతి దగ్గర కలిసింది. అంకె పెరిగేకొద్దీ శ్రుతి ఎత్తు పెరుగుతుంది. “ఇప్పుడు అదే పిలుపు, ఇంకాస్త పొడుగ్గా” అన్నాను. నాలుగైదు పిలుపుల తర్వాత ‘అమ్మా’లో చివరి ‘ఆ’ ఒక్కటే మిగిల్చాం. ఆపైన దాన్ని ‘సా’ చేశాం. వాడి గొంతు పెట్టెలోంచి వచ్చే నాదంలో పడిన క్షణాన రెండూ వేర్వేరుగా వినిపించలేదు. వాడు పాడటం ఆపి పెట్టెవైపు చూశాడు, అది ఆగిపోయిందనుకుని. “ఆగలేదు నాన్నా, నువ్వే దాంట్లో కలిసిపోయావు” అన్నాను. మళ్లీ పాడాడు. మళ్లీ పెట్టెవైపు చూశాడు. ఆ రోజు ముప్పావు గంటా ‘స’ తప్ప ఇంకేమీ పాడలేదు. బయట కూర్చున్న తల్లి లోపలికొచ్చి “ఇవాళ పాఠం ఏమీ చెప్పలేదా?” అని అడిగింది.

జరిగింది ఇదీ. మగవారు సాధారణంగా పాడే ఒకటి శ్రుతిలో ఆధార షడ్జమం (‘స’) సెకనుకు సుమారు 131 కంపనాలు. ఆ వయసు పిల్లలు మామూలుగా మాట్లాడే గొంతే 250కి అటూ ఇటూ ఉంటుంది. మాస్టారు పాడినట్టే పాడాలని పిల్లవాడు గొంతును కిందికి అదుముతాడు. అక్కడ వాడికి స్వరమే లేదు. తన గొంతుకు తగిన శ్రుతి పెట్టి ఉంటే సరిపోయేది. నేర్పడంలో ఉన్న లోపానికి పిల్లవాడి పుట్టుక మీద తీర్పు చెప్పేశారు. ఎనిమిది నెలలు వాడు తన గొంతే చెడ్డదనుకుంటూ తిరిగాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

స్వరభేదం పుట్టుకతోనే సరిగా తెలియనివాళ్లు కూడా ఉన్నారు, లేరనను. మాంట్రియల్‌కు చెందిన శాస్త్రవేత్త ఇసబెల్ పెరెట్జ్ మరొకరితో కలిసి సుమారు 20 వేల మంది మీద జరిపిన పరీక్షల ఫలితాలను 2017లో ప్రచురించారు. అలాంటివారు నూటికి ఒకటిన్నర మంది అని తేలింది. అంటే వందమంది పిల్లల్లో ఒకరో ఇద్దరో. మన ఇళ్లలో ‘గొంతు లేదు’ అనే ముద్ర అంతకు ఎన్నో రెట్ల మంది మీద పడుతోంది.

జపాన్‌లో షినిచి సుజుకి అనే వయొలిన్ గురువుండేవారు. జపాన్ పిల్లలందరూ జపనీస్ మాట్లాడుతున్నారే అన్న చిన్న విషయం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. అంత కష్టమైన భాష ప్రతి బిడ్డకూ వస్తోందంటే నేర్పే తీరులో ఏదో ఉందని, సంగీతాన్ని కూడా అలాగే నేర్పవచ్చని ఆయన పద్ధతంతా దాని మీదే కట్టారు. మన ఇంట్లోనే చూడండి. రెండేళ్ల పిల్ల ‘చందమామ’ను ‘తందమామ’ అంటే ముద్దు చేస్తాం, ఇంకోసారి అనిపించుకుంటాం. “దీనికి తెలుగు లేదండీ” అని పక్కింటివాళ్లతో చెప్పం. అదే పిల్ల ఆరేళ్లకు గాంధారం (‘గ’ స్వరం) కాస్త తగ్గించి పాడితే మాత్రం తీర్పు చెప్పేస్తాం.

ఆ తీర్పు ఎంతకాలం ఉంటుందో ఒక నాయనమ్మగారిని చూసి తెలుసుకున్నాను. మనవరాలిని దిగబెట్టడానికి వచ్చి, క్లాసు అయ్యేదాకా గుమ్మం పక్కన కూర్చునేవారు. అరవై దాటిన మనిషి. “మీరూ అందుకోండమ్మా” అని ఒకసారి అన్నాను. చేతులు ఊపేశారు. చిన్నప్పుడు బడిలో ప్రార్థన దగ్గర టీచరు వరుసలోంచి పక్కకు పిలిచి, “నువ్వు పెదవులు మాత్రం కదుపు, గొంతు రానీకు” అన్నారట. అప్పటి నుంచి ఎక్కడా పాడలేదు. “పిల్లల్ని జోకొట్టేటప్పుడు కూడా జోల పాడలేదమ్మా, ఊరికే ఊపేదాన్ని” అన్నారు. ముగ్గురు పిల్లలను పెంచిన తల్లి ఆమె. యాభై ఏళ్ల కిందట ఎవరో తొందరలో అన్న మాట ముగ్గురు పిల్లలకు జోలపాట లేకుండా చేసింది. ఆ టీచరుకు ఆ మాట సాయంత్రానికే మరపుకొచ్చి ఉంటుంది.

తల్లిదండ్రులు కావాలని ఈ మాట అనరని నాకు తెలుసు. పిల్లవాడు వెనకబడితే నేను చిన్నబుచ్చుతానేమోనని ముందే అడ్డం పడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. దయచేసి ఆ భయాన్ని వాడి చెవిన పడనీయకండి.

సంగీతం పిల్లలకు మంచి గుణాలు నేర్పుతుందని అందరూ అంటారు. ఎలా నేర్పుతుందని అడిగితే నేను ఆ ‘స’నే చూపిస్తాను. శ్రుతిలో కలవాలంటే ముందు తను ఆగాలి, వినాలి. గట్టిగా అరిస్తే శ్రుతి వినిపించదు కాబట్టి తనంతట తనే తగ్గుతాడు. తప్పు పడితే ముందు తన చెవికే తెలుస్తుంది. దిద్దుకోవడానికి వెనువెంటనే ఇంకో స్వరం వస్తుంది. తిట్టు లేదు, సిగ్గు లేదు. పురందరదాసు వేసిన బాటగా మనం చెప్పుకునే ఈ తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళలోనే ఉండటానికి నాకు తోచే కారణం కూడా ఇదే. ఆ రాగంలో ‘సరిగమ’ మధ్య ఎంతెంత దూరాలున్నాయో ‘పదనిస’ మధ్యా అంతే. కింద దారి తెలిసిన పిల్ల పైన తనే దారి వెతుక్కుంటుంది. దొరికినప్పుడు ఆ మొహం చూడాలి!

గుంపుగా పాడేటప్పుడు ఇంకోటి జరుగుతుంది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు, అంటే చేత్తో వేసే ఎనిమిది లెక్కలు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, ఆపైన దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. కొత్తగా చేరిన పిల్ల రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తడబడి పక్కపిల్ల చేతివైపు దొంగచూపు చూస్తుంది. ఆ పక్కపిల్ల ఏమీ అనదు. పాట ఆపదు. వేళ్లు కనిపించేలా తన మోకాలిని కొంచెం ఇటు తిప్పుతుంది. ఈ పని నేనెవరికీ నేర్పలేదు. ఏటా ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. కిర్ష్‌నర్, టొమాసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2010లో 96 మంది నాలుగేళ్ల పిల్లలతో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కలిసి పాడుతూ లయకు ఆడిన పిల్లలు, సంగీతం లేకుండా అదే ఆట ఆడినవారి కన్నా తోటివారికి సాయం చేయడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. అది చదివినప్పుడు నాకు ఆ మోకాలు గుర్తొచ్చింది.

ఇక మిగతావి.

అపోహ: సంగీతం నేర్పిస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి.

దీని మూలం 1993లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. 36 మంది కాలేజీ విద్యార్థులు పది నిమిషాలు పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ సంగీతం విన్నారు. ఆకారాలను ఊహించే ఒక రకం పరీక్షలో కొంచెం మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. అందులో పసిపిల్లలు లేరు, లెక్కలు లేవు. అయినా అది పాకిపోయి 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం రికార్డు ఇవ్వాలని ప్రతిపాదించేదాకా వెళ్లింది. నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధనలు వేరే ఉన్నాయి. షెలెన్‌బర్గ్ అనే ఆయన 2004లో 144 మంది ఆరేళ్ల పిల్లలతో చేసిన దాంట్లో, ఏడాది సంగీతం నేర్చుకున్నవారి ఐక్యూ మిగతావారికన్నా కాస్త ఎక్కువే పెరిగింది. ఆ కాస్త కోసం సంగీతంలో చేర్పించకండి. మార్కులు రాకపోతే మొదట మాన్పించేది మళ్లీ సంగీతాన్నే. పదో తరగతి రాగానే మంచి పిల్లలు ఎంతమంది అలా వెళ్లిపోయారో నా హాజరు పుస్తకాలు చూస్తే తెలుస్తుంది.

అపోహ: బంధువుల ముందు పాడిస్తే భయం పోతుంది.

పెరుగుతుంది. చుట్టాలు కాఫీ తాగుతూ మాట్లాడుకుంటుంటే మధ్యలో నిలబెట్టి “ఏదీ, ఒక గీతం పాడు” అంటే పిల్లకు అర్థమయ్యేది, తన పాట ఎవరూ వినరు గానీ తప్పు పడితే మాత్రం నవ్వుతారని. పాడాలనిపించినప్పుడు తనే పాడుతుంది. అప్పుడు మీరు ఫోను పక్కన పెట్టి వినండి.

అపోహ: ఏడాదిలో వర్ణం (గీతాల తర్వాత నేర్పే పెద్ద పాఠం) రాకపోతే టీచరు సాగదీస్తున్నట్టు.

ఒక్కో పిల్లది ఒక్కో నడక. జంట వరుసలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పాడే తొలి పాఠాలు) మూడు కాలాల్లోనూ నిలిచిన పిల్లకు గీతం వారంలో వస్తుంది. నిలవకుండా కీర్తన ఎక్కించిన పిల్లకు ఆ కీర్తన ఒక్కటే వస్తుంది.

అపోహ: మగపిల్లలకు గొంతు మారితే సంగీతం పోయినట్టే.

పోదు. ఆ ఏడాదో రెండేళ్లో శ్రుతి తగ్గించి, పైస్థాయి పట్టుబట్టకుండా, తాళమూ వినికిడీ మీద పెడితే చాలు. గొంతు జీరపోతోందని వాడు ఇప్పటికే బిక్కచచ్చి ఉంటాడు. ఇంట్లో నవ్వకండి.

చల్లటి నీళ్లు, కరక్కాయ, మిరియాల పాల గురించి రోజూ అడుగుతారు. మింగినదేదీ స్వరతంతువుల మీదుగా పోదు, అది అన్నవాహికలోకి వెళుతుంది. గొంతును పాడుచేసేది అరుపు. సాయంత్రం దాకా మైదానంలో అరిచి వచ్చిన రోజు పాడించకండి, తాళం వేయించండి. పదేళ్లు దాటితే రాదన్నదీ నిజం కాదు. పైన చెప్పిన నాయనమ్మగారు ఇప్పుడు మనవరాలి వెనక వరుసలో కూర్చుని మలహరి రాగంలోని గీతం దగ్గరకు వచ్చారు.

ఇంట్లో రోజుకు పదిహేను నిమిషాల సాధన చాలు, శ్రుతి పెట్టుకుని. చేర్పించడానికి వచ్చినప్పుడు పిల్లవాడి గొంతు గురించి నాతో ఏదైనా చెప్పాలనిపిస్తే ముందురోజు ఫోనులో చెప్పండి. ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం, వాడు స్నానం చేస్తూ పాడుకునే పాట ఏమిటో ఒక్కటి చెప్పండి. సినిమా పాటైనా, బడిలో నేర్చిన పద్యమైనా సరే. నేను అక్కడి నుంచి మొదలుపెడతాను.