పొడి చెత్త సంచి వెనుక మండూరు

బెంగళూరులో ఇల్లు అద్దెకు తీసుకునే మనవాళ్లకు ఓనరు మొదట్లోనే చెప్పే మాట ఒకటుంది: తడి చెత్త, పొడి చెత్త కలపొద్దు, కలిపితే బండివాళ్లు తీసుకోరు. ఈ పట్టింపు వెనుక ఒక ఊరి గోడు ఉంది.

చెత్తను ఇంట్లోనే వేరు చేయాలన్న నియమం 2000లోనే వచ్చింది. పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితమది. అయినా నగరం పట్టించుకోలేదు. అంతా కలిపి లారీలకెత్తి శివార్లలోని మావళ్లిపుర, మండూరు అనే ఊళ్లలో పోసేది. 2012లో మావళ్లిపుర యార్డు మూతపడటంతో భారమంతా మండూరు మీద పడింది. ఈరోజు మనవాళ్లు ఫ్లాట్లు కొంటున్న బూదిగెరె క్రాస్ నుంచి కొంచెం లోపలికి వెళ్తే ఆ ఊరొస్తుంది. కంపు, ఈగలు, పాడైన నీళ్లు భరించలేక జనం లారీలకు అడ్డం తిరిగారు. వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాకే, 2012 అక్టోబర్ 1 నుంచి అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ వేరు చేయడం తప్పనిసరి చేసింది. 2014 చివరికి మండూరుకు లారీలు ఆగాయి. 2015 డిసెంబర్‌లో హైకోర్టు పద్ధతి ఖాయం చేసింది: తడికి ఆకుపచ్చ బుట్ట, శానిటరీ చెత్తకు ఎర్ర బుట్ట, పొడికి సంచి.

నిజానికి ప్లాస్టిక్ ఏరే విద్య నగరానికి కొత్త కాదు. చెత్త ఏరుకునేవాళ్లు, నాయండహళ్లి స్క్రాప్ గోడౌన్లవాళ్లు ఎప్పటినుంచో ఆ పనిలోనే ఉన్నారు. వాళ్లకు 2011 నుంచి బీబీఎంపీ గుర్తింపు కార్డులివ్వడం, కొందరికి వార్డుల్లోని పొడి చెత్త కేంద్రాలు అప్పగించడం ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే మలుపు. అక్కడ ఏరే ఆడవాళ్లు కవరును చేత్తో నలిపి చూస్తారు. చప్పుడు లేకుండా మెత్తగా నలిగితే పాలకవరు జాతి, గరగరలాడితే వేరే గుట్ట. నీళ్ల సీసాలు ఒకచోట, మందపాటి షాంపూ డబ్బాలు ఇంకోచోట. పాలకవరు కడిగి ఆరబెట్టి ఇస్తే దానికి ధర పలుకుతుంది. మూల పూర్తిగా కత్తిరించకుండా గాటు పెట్టి వదిలేయండి, తెగిపడిన ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు. సాంబారు అంటిన పార్సిల్ డబ్బా మాత్రం పక్కనున్నవాటినీ పాడు చేస్తుంది.

ఎంత ఏరినా చిప్స్ ప్యాకెట్లను కొనేవాళ్లు లేరు. ప్లాస్టిక్ పొరనూ అల్యూమినియం పూతనూ విడదీయడం గిట్టుబాటు కాదు కాబట్టి చాలావరకు సిమెంటు ఫ్యాక్టరీల కొలుముల్లో కాలుస్తారు. రీసైకిల్ కాని ఇలాంటి బహుళ పొరల ప్యాకింగును రెండేళ్లలో ఆపేయాలని 2016 కేంద్ర నిబంధనలు చెప్పాయి. 2018లో ఆ వాక్యాన్ని సవరించారు: రీసైకిల్ కాకపోయినా, కాల్చి వేడి రాబట్టగలిగితే, లేదా ఇంకెందుకైనా పనికొస్తే ఆపనక్కర్లేదు. మనం ఎంత శ్రద్ధగా వేరు చేసినా సంచిలో మిగిలిపోతున్న ఆ గుట్టకు జవాబు చెప్పాల్సింది దాన్ని తయారుచేసే కంపెనీలు, ఆ సవరణ చేసిన ప్రభుత్వం.