నల్లమల ఎండాకాలం: నీళ్లు, నిప్పు, కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: వాతావరణం మారడమంటే వానలు తగ్గడమే.

వాస్తవం: మొత్తం వాన తగ్గకపోయినా తిప్పలు తప్పవు. నెలంతా పడాల్సింది రెండు మూడు రోజుల్లో దంచి కొడితే నేలలోకి ఇంకదు. అమ్రాబాద్ గుట్టల మీంచి జారి డిండిలో, కృష్ణలో కలుస్తుంది. ఎండలు ముదరకముందే చెలిమలు అడుగంటుతాయి. అందుకే ముందుగా వాగుల మొదళ్లలో రాళ్ల కట్టలు వేయాలి. ఎత్తు మీటరు దాటొద్దు. పై కట్ట అడుగు, కింది కట్ట తల ఒకే మట్టంలో ఉండేలా దూరం చూసుకోవాలి. కట్ట నడుమ భాగం అంచుల కంటే అర అడుగు పల్లంగా ఉండాలి. ఎక్కువ కట్టలు చెడేది ఇక్కడే. నడుమ ఎత్తుగా పేరిస్తే నీళ్లు పక్కలకు మళ్లి గట్టును కోసేస్తాయి.

అపోహ: సాసర్ పిట్లు (అడవి జంతువులు తాగడానికి సాసర్ ఆకారంలో కట్టే సిమెంటు నీటి గుంటలు) ఎన్ని పెడితే జంతువులకు అంత మేలు.

వాస్తవం: ఎన్ని పెట్టామన్నది కాదు, ఎక్కడ పెట్టాం, ఎలా కట్టాం అన్నదే ముఖ్యం. రెండు మీటర్ల వెడల్పు, నడుమ 30 సెంటీమీటర్ల లోతు ఉన్న పిట్‌లో సుమారు 480 లీటర్లు పడతాయి. ఏప్రిల్, మే ఎండకు రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. అంటే నిండు పిట్ నుంచి ఏ జంతువూ తాగకుండానే రోజుకు 25-30 లీటర్లు పోతాయి. నింపే తోవ లేని చోట పిట్ కట్టడం దండగ. శ్రీశైలం రోడ్డు పక్కన కట్టడం అంతకంటే చెడ్డది, దాహంతో వచ్చిన దుప్పి బండి కింద పడుతుంది.

పిట్ అంచు నుంచి అడుగు లోతుకు మూడడుగుల వాలు ఉండాలి, సిమెంటును నున్నగా తీయొద్దు. నిటారు గోడల తొట్లలో పిల్ల జంతువులు, ఉడుములు పడి పైకి ఎక్కలేక చస్తాయి. అలాంటి తొట్టి ఇప్పటికే ఉంటే ఒక మూలన అంచుదాకా రాళ్లు మెట్లుగా పేర్చండి. పాచి పట్టిన నీళ్ల మీదే కొత్త నీళ్లు పోయకుండా, తోడి, గట్టి బ్రష్‌తో రుద్ది నింపాలి. చుట్టూ పిట్టలు చచ్చి కనిపిస్తే ఆ నీళ్లు ముట్టొద్దు, వేటగాళ్లు విషం కలిపి ఉండొచ్చు. వెంటనే బీట్ ఆఫీసర్‌కు చెప్పండి.

అపోహ: అడవికి నిప్పు పెడితే గడ్డి, ఇప్పపూలు, తునికాకు బాగా వస్తాయి.

వాస్తవం: కాలిన చోట పచ్చ చిగురు వచ్చేది నిజమే. కానీ ఆకుచెత్త కాలిపోతే నేల గట్టిబడి తొలి వాన ఇంకకుండా జారిపోతుంది, మనం కట్టిన రాళ్ల కట్టలన్నీ బురదతో పూడుతాయి. నేల మీద గూడు కట్టే పిట్టల గుడ్లు, చిన్న మొక్కలు మాడిపోతాయి. ఇప్పచెట్టు కింద ఊడ్చి పాత చీరో వలో పరిస్తే పూలు శుభ్రంగా దొరుకుతాయి. తునికి పొదలను కాల్చకుండా మొదట్లో నరికితే లేత ఆకు వస్తుంది. ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసిన బాటలు) జనవరిలో ఊడ్చి వదిలేస్తే చాలదు, మార్చిలో రాలిన ఆకు మంటకు మళ్లీ దారి ఇస్తుంది. రెండోసారి ఊడ్వాల్సిందే.

అపోహ: గడ్డి నేల ఖాళీ బంజరు, చెట్లు నాటాలి.

వాస్తవం: మక్తల్ వైపు కృష్ణజింకలు బతికేది అలాంటి నేలల్లోనే. గడ్డి వేళ్లూ కర్బనాన్ని మట్టిలో దాస్తాయి.

అపోహ: పాలమూరు మనిషికి ఎండ అలవాటే.

వాస్తవం: మంట ఆర్పడానికి వెళ్లేవాళ్లకు అలవాటు కాపలా కాదు. గుట్ట వాలులో మంటకు పై భాగాన నిలబడొద్దు, అది పైకే పరుగెత్తుతుంది. పక్కల నుంచి పచ్చి కొమ్మలతో కొట్టాలి. లీటరు నీటికి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వెంట తీసుకెళ్లండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. మాట తడబడితే ఆ మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరండి, 108కు ఫోన్ చేయండి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు.