చంద్రపూర్‌లో పొగ, ముంబయిలో పద్దు

మహారాష్ట్రలోని చంద్రపూర్ థర్మల్ కేంద్రం దగ్గర మొదలై ముంబయికి చేరువలోని పడ్‌ఘే దాకా, దాదాపు 750 కిలోమీటర్లు, ఒక విద్యుత్ లైను సాగుతుంది. అందులో పారేది 500 కిలోవోల్టుల డీసీ కరెంటు, అంటే ఒకే దిశలో పారేది. ఇంత దూరం పంపాలంటే, ఇళ్లకొచ్చే దిశ మారే ఏసీ కరెంటు కన్నా డీసీలో వృథా తక్కువ. బొగ్గు ఇక్కడ కాలుతుంది, ఫ్యాను అక్కడ తిరుగుతుంది. బల్లార్షా, ఘుగ్గుస్, రాజూరా ప్రాంతాల తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1956కు ముందు రాజూరా ఆదిలాబాద్ జిల్లాలోదే. గనుల్లో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవారూ ఎందరో. వేసవిలో డాబా మీద వడియాలు పెట్టే ముందు ఇక్కడి ఇల్లాలు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటుంది. లేకపోతే సాయంత్రానికి తెల్లటి వడియాల మీద నల్లటి నుసి.

నుసి కంటికి కనబడుతుంది, కార్బన్ డయాక్సైడ్ కనబడదు. బొగ్గుతో ఒక్క యూనిట్ కరెంటు తీస్తే ఆ వాయువు సుమారు ఒక కిలో గాలిలో కలుస్తుంది. ఆ కిలోను ఏ ఊరి ఖాతాలో రాయాలి?

నగరాల ఉద్గారాలను లెక్కగట్టేందుకు 2014లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి దీనికి జవాబు చెబుతుంది. ఊరి హద్దుల్లో కాలినది మొదటి పద్దు. బయటి నుంచి తెచ్చుకున్న కరెంటు వెనకాల ఉన్న పొగ రెండో పద్దు. సరుకులు, ప్రయాణాల వంటివి మూడోది. గ్రిడ్‌కు కరెంటు పంపే ఊరు తన చిమ్నీల పొగను విడిగా చూపిస్తుంది కానీ మొత్తంలో కలపదు. కలిపితే ఒకే పొగ రెండు చోట్ల లెక్కకొస్తుంది. ఈ ఏర్పాటు నాకు న్యాయంగానే తోస్తుంది. వాడకాన్ని తగ్గించే తాళంచెవి వాడేవాడి దగ్గరే ఉంటుంది కదా.

ఇలా వాడకం వైపు నుంచి లెక్కేస్తే, 2020లో ప్రపంచ ఉద్గారాల్లో నగరాల వాటా 67 నుంచి 72 శాతమని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ అంచనా. నెట్ జీరోకు, అంటే వదిలే కార్బన్‌కు సమానంగా తొలగించే స్థితికి, దేశం 2070ని గడువుగా పెట్టుకుంటే, ముంబయి 2022 మార్చిలో ప్రకటించిన ప్రణాళికలో 2050 అంది. థర్మల్ కేంద్రాన్ని మూయించే అధికారం నగరపాలక సంస్థకు లేదు. కానీ భవనాల అనుమతులు, నీటి పంపులు, వీధి దీపాలు, చెత్త దాని చేతిలోనే ఉన్నాయి. పగటి కరెంటుకు సౌర పలకలు ఉన్నాయి. చిక్కంతా సూర్యుడు దిగాక, ఇళ్లలో ఏసీలు ఒక్కసారిగా మొదలయ్యే వేళతో. బ్యాటరీలు గానీ, నీటిని పైకెక్కించి దించే జలవిద్యుత్తు గానీ లేకుంటే ఆ పూట మళ్లీ చంద్రపూరే దిక్కు.

సిమెంటు సంగతి ఇంకా మొండిది. రాజూరా దాటి గడ్‌చాందూర్ వైపు వెళితే వరసగా కర్మాగారాలే. సున్నపురాయిని కాల్చితే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. సిమెంటు తయారీలో వెలువడే దానిలో సగానికి పైగా ఇదే. బట్టీకి సౌర విద్యుత్ పెట్టినా ఇది ఆగదు. థర్మల్ బూడిద కలిపితే, సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ వాడకం కొంత తగ్గుతుంది. అయితే బొగ్గు మానేస్తే ఆ బూడిదా ఉండదు!

ప్రకటించిన గడువులు తప్పడమూ ఉంది. 2025కల్లా కార్బన్ తటస్థ నగరమవుతానన్న కోపెన్‌హాగన్, 2022లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. చెత్తను మండించే కేంద్రంలో కార్బన్‌ను పట్టి ఉంచే యంత్రాంగానికి నిధులు దొరకలేదు. దాచకుండా చెప్పినందుకు ఆ నగరం మీద నాకు గౌరవమే పెరిగింది.

చంద్రపూర్‌కూ సొంత పద్దు ఉంది. తడి చెత్తను వేరుచేసి గ్యాస్ తీస్తే, కుప్పలో కుళ్లి మీథేన్‌గా పోయేది వంటకు పనికొస్తుంది. మీథేన్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. మే నెలలో ఇక్కడ ఎండ 46 డిగ్రీలు దాటుతుంది. డాబాకు రెండు పూతలు సున్నం కొడితే లోపల వేడి తగ్గి, కూలరు మీద భారం దిగుతుంది.

మరి గనుల్లో పనిచేసేవాళ్ల మాటేమిటి? బొగ్గు సంస్థల్లో పదవీ విరమణ 60 ఏళ్లకు. 2025లో పాతికేళ్ల వయసుతో చేరిన కుర్రాడికి, ముంబయి గడువు వచ్చేసరికి యాభై నిండుతాయి, ఇంకా పదేళ్ల సర్వీసు మిగిలి ఉంటుంది. బొగ్గు కరెంటు మానుకునే నగరం, ఆ పదేళ్ల జీతానికీ కొత్త పని నేర్పడానికీ ఎంత ఇస్తుందో తన ప్రణాళికలోనే అంకెతో రాయాలని నేనంటాను.