రెండు రోజులైనా అరగని బిళ్ల

చీపురుపల్లి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "అటక మీది ఎలుకల మందు బిళ్ల మా కుక్క తినేసిందండి. రెండ్రోజులైంది, ఏటీ అవ్వలేదు. అరిగిపోయినట్టేనా?"

అరగలేదు. ఇవాళే పశువుల డాక్టరుకు చూపించండి. మీకు పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ప్యాకెట్టు కూడా పట్టుకెళ్లండి.

ఆ బిళ్లల్లో తరచూ ఉండేది బ్రోమాడియోలోన్. రక్తం గడ్డకట్టించే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లనే ప్రొటీన్లను కాలేయం తయారుచేస్తుంది. విటమిన్ కె చివరి మెరుగు దిద్దితేనే అవి కాల్షియాన్ని పట్టుకుంటాయి. బడిలో దీన్ని ఒక మార్కు ప్రశ్నగా చదివి వదిలేస్తాం. అసలు కథ ఆ తర్వాతే. వాడిన విటమిన్ కెని మళ్లీ పనిలోకి తెచ్చే ఎంజైము ఒకటుంది. ఈ మందు దాన్నే కట్టిపడేస్తుంది.

ఊళ్లో రైస్ మిల్లు చెడిందనుకోండి. ఆ పూటే ఎవరూ పస్తుండరు, ఇంట్లో ఆడించిన బియ్యం ఉంటాయి. మిల్లు నుంచి బస్తాలూ వస్తూనే ఉంటాయి, కాకపోతే అన్నీ పొట్టు తీయని వడ్లే. మీ కుక్క ఇప్పుడు గెంతుతున్నది పాత బియ్యం మీద. ముందుగా ఖాళీ అయ్యే బస్తా 7వ ఫ్యాక్టర్. దాని అర్ధాయువు, అంటే ఒంట్లో ఉన్నది సగానికి పడిపోయే సమయం, సుమారు 6 గంటలే. అందుకే తిన్న 48 నుంచి 72 గంటలకు చేసే పీటీ రక్తపరీక్షలో (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) తేడా ముందే దొరుకుతుంది. నీరసం, ఆయాసం, చిగుళ్ల నుంచి రక్తం కనబడేది సాధారణంగా 3 నుంచి 5 రోజులకు. ఈ లోపు తాయెత్తు కట్టినవాడికి మంచి పేరొచ్చేస్తుంది!

గుండె కవాటం మార్చినవాళ్లు వేసుకునే వార్ఫరిన్‌దీ ఇదే దారి. అమెరికాలో 1948లో అది ఎలుకల మందుగానే అమ్మకానికొచ్చింది. తాతగారి మాత్రలు కుక్క మింగినా ఇంతే కంగారు పడాలి.

తిన్న వెంటనే చూస్తే డాక్టరు కక్కించగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు పట్టించకండి, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. పొలం గట్లమీద నూకల్లో కలిపి పెట్టే నల్లపొడి, జింక్ ఫాస్ఫైడ్, వేరే సంగతి. కడుపులోని ఆమ్లం తగిలితే అది ఫాస్ఫీన్ వాయువవుతుంది. అన్నం పెడితే ఆమ్లం ఇంకా ఊరుతుంది. అక్కడ గడువు రోజుల్లో ఉండదు, గంటల్లోనే. కుక్క దాన్ని కక్కితే ఆ గాలి మీకూ విషమే, కిటికీలు తెరవండి.

బ్రోమాడియోలోన్‌కు విరుగుడు విటమిన్ కె1. మందు కాలేయంలో వారాల తరబడి తిష్ఠ వేస్తుంది కాబట్టి సుమారు 4 వారాలు వాడాలి, నూనెగల తిండితో పెడితే బాగా ఒంటబడుతుంది. ఆపాక 48 గంటలకు ఇంకోసారి పీటీ చేయించండి. తేడా వస్తే మళ్లీ మొదలుపెడతారు.