చోబే సఫారీ: జీపు ఎక్కే ముందు దించేయవలసిన అపోహలు

"పులి ఎన్ని గంటలకు వస్తుందండీ?"

బోట్స్వానాలోని కసానే పట్టణంలో జీపు ఎక్కి పది నిమిషాలు కాకముందే ఈ ప్రశ్న వస్తుంది. తెలుగు బృందాలను జింబాబ్వే, బోట్స్వానాలకు వెంటబెట్టుకుని వెళ్లి తీసుకురావడం నా పని. స్టీరింగు పట్టేది, జంతువును పసిగట్టేది మాత్రం లైసెన్సు ఉన్న స్థానిక గైడు. ఆయనకు తెలుగు రాదు, మావాళ్లకు ఆయన యాస అందదు, మధ్యలో నేను. అలా మధ్యలో కూర్చుని విన్నవే ఈ అపోహలన్నీ. జింబాబ్వే, జాంబియాల సరిహద్దులో ఉన్న విక్టోరియా జలపాతం నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని చోబే నేషనల్ పార్కులో ఒక్క పగటి సఫారీ, అంటే ఒక పూట జీపు, ఒక పూట బోటు, దాని గురించే రాస్తున్నాను. కెన్యా, టాంజానియాల లెక్క వేరు.

పులి సంగతి ముందు తేల్చేద్దాం. ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. అది ఆసియా జంతువు. అక్కడ ఉన్నవి చిరుత, చీతా. ఈ రెండూ ఒకటే అనుకోవడం దాని వెంటే వచ్చే పొరపాటు. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి మన కూనో పార్కుకు తెచ్చినవి చీతాలు: సన్నని నడుము, ఒంటినిండా గట్టి చుక్కలు, కంటి నుంచి నోటి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత. చిరుత మచ్చలు గుత్తులుగా, పువ్వుల్లా ఉంటాయి. నల్లమలలో తిరిగేది, తిరుమల నడకదారిలో కనిపించి వార్తల్లోకి ఎక్కేది కూడా ఈ జాతే. చోబే నదీతీరంలో చీతా కనిపించడం చాలా అరుదు. చిరుత ఉంటుంది గానీ, దాన్ని చూడడం అదృష్టం మీద ఆధారపడిన విషయం.

"బిగ్ ఫైవ్ మొత్తం ఒక్క రోజులో చూపిస్తామన్నారు"

ఎవరన్నారో నేను అడగను. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా దున్న, ఈ ఐదింటికి ఆ పేరు పెట్టింది వేటగాళ్లు. కాలినడకన వేటాడేటప్పుడు ప్రాణం మీదకు తెచ్చే జంతువులవి. జిరాఫీ, నీటిగుర్రం వాటికన్నా చిన్నవేమీ కావు, అయినా జాబితాలో లేవు. చోబే నదీతీరంలో ఖడ్గమృగాన్ని చూస్తామన్న ఆశ పెట్టుకోవద్దు. అది కావాలంటే జాంబియా వైపు, లివింగ్‌స్టన్ పక్కనే ఉన్న మోసి-ఓ-తున్యా పార్కులో రేంజర్ల కాపలాలో తెల్ల ఖడ్గమృగాలున్నాయి. కాబట్టి ఐదూ గ్యారంటీ అని ఎవరైనా అమ్మితే, ఖడ్గమృగాన్ని ఏ దేశంలో చూపిస్తారో అడగండి చాలు.

"అసలు సఫారీ జీపుదే, బోటు సరదా షికారు"

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. మధ్యాహ్నం భోజనం కాగానే "బోటు మానేసి హోటల్లో కాసేపు పడుకుంటాం" అనేవాళ్లు ప్రతి బృందంలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. చోబేలో బోటు మానేయడమంటే పెళ్లికి వెళ్లి ముహూర్తం వేళకు నిద్రపోవడమే.

కారణం నేలలోనే ఉంది. చోబే పార్కు కలహారీ ఇసుక మీద ఉంది. ఆ ఇసుకలో వాననీరు నిలవదు. లోపలి గుంటలు ఎండిపోయాక చుట్టుపక్కల మిగిలే నమ్మకమైన నీరు నది ఒక్కటే. ఏనుగు రోజుకు వంద లీటర్లకు పైగా తాగగలదు. కాబట్టి అక్కడి వానల్లేని నెలల్లో ఎండ ముదిరేకొద్దీ మందలు అడవిలోంచి నదికి దిగుతాయి. జీపులో ఉంటే వాటి వెనక భాగం, లేచిన దుమ్ము కనిపిస్తాయి. బోటులో ఉంటే మీరు నీటి వైపు ఉంటారు, అవి మీకు ఎదురుగా వస్తాయి. కంటి ఎత్తు నీటిమట్టానికి దగ్గరగా ఉండడం వల్ల తొండం నీళ్లు పీల్చడం, గున్న తల్లి కాళ్ల మధ్య జారిపడడం అన్నీ ఎదుటే జరుగుతాయి.

తరువాత దృశ్యం ఈత. నది మధ్యలో సెదూదు అనే గడ్డి దీవి ఉంది. అవతలి ఒడ్డున ఉన్న నమీబియా వాళ్లు దాన్ని కసికిలి అంటారు. ఆ దీవి ఎవరిదన్న తగవు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లి, 1999 డిసెంబరులో బోట్స్వానాకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఏనుగులకు ఆ తీర్పుతో పని లేదు. పచ్చగడ్డి కోసం బారులు తీరి ఈదుకుంటూ వెళతాయి. లోతు ఎక్కువైన చోట ఒళ్లంతా మునిగి, నీటిపైన తొండం కొన మాత్రం గొట్టంలా తేలుతుంది. పిల్లలు దారి తప్పకుండా పెద్దవి రెండు పక్కలా ఉంటాయి. ఆ సమయంలో గైడు ఇంజను ఆపి, వాటి దారికి అడ్డం రాకుండా బోటును పక్కకు వదిలేస్తారు. "ఇంకొంచెం ముందుకు పోనివ్వమనండి" అని నా భుజం తట్టవద్దు, నేను చెప్పను.

ఇక్కడే ఇంకో ముచ్చట. "అన్నీ మగ ఏనుగులేనా?" అని అడుగుతారు. మన దేశంలో ఆడ ఏనుగుకు పైకి కనిపించే దంతాలు ఉండవు కదా. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి. పిల్లలతో ఉన్న ఆ మంద అంతా దాదాపు ఆడవాళ్ల సంసారం. దాన్ని నడిపేది ఒక పెద్దావిడ. ఆడమగలను పోల్చుకోవడానికి గైడ్లు చూసేది నుదురు: పక్క నుంచి చూస్తే మగదాని నుదురు గుండ్రంగా, ఆడదానిది కోణంగా ఉంటుంది.

నీటిగుర్రం విషయంలో బోటు గైడు మరింత జాగ్రత్తగా ఉంటారు. లావుగా, బద్ధకంగా కనిపించే ఆ జంతువు నిజానికి ఈదదు. నది అడుగున నడుస్తుంది, గెంతుతుంది. మూడు నాలుగు నిమిషాలు కనిపించకుండా ఉండి, మీరు ఊహించని చోట లేస్తుంది. అది నోరు బార్లా తెరిస్తే "ఆవలిస్తోంది, పాపం" అని నవ్వుతారు. అది ఆవలింత కాదు, కోరలు చూపించి ఇది నా చోటని చెప్పడం. దాని ఒంటి మీద ఎర్రగా కారేది నెత్తురూ కాదు, ఎండ నుంచి చర్మాన్ని కాపాడే స్రావం. మొసలి సంగతి పూర్తిగా తిరగబడుతుంది. ఒడ్డున అది గంటసేపు నోరు తెరుచుకుని పడుకుంటే ఎవరినో మింగడానికి కాదు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి. అయినా సరే చేయి నీళ్లలో పెట్టవద్దు. గోదావరి లాంచీలో పెట్టినట్టు ఇక్కడ పెట్టకూడదు.

"వానలు పడితే అడవి పచ్చగా ఉంటుంది, అప్పుడే జంతువులు ఎక్కువ"

అడవి పచ్చగా ఉంటుంది, నిజమే. జంతువులు చెదిరిపోతాయి. నవంబరు నుంచి మార్చి దాకా పడే వానలకు లోపలి గుంటలు నిండుతాయి, నది దాకా రావలసిన అవసరం వాటికి ఉండదు. ఆ దేశంలో వానకున్న విలువ ఎంతంటే వాళ్ల నాణెం పేరే పుల. సెట్స్వానా భాషలో ఆ మాటకు అర్థం వాన. పక్షులు చూడాలనుకునేవాళ్లకు మాత్రం వానాకాలం పండగ.

మనవాళ్లను తికమకపెట్టేది వరద. వానలు ఆగిపోయాక నది పొంగుతుంది. అంగోలా ఎత్తు ప్రాంతాల్లో కురిసిన నీరు నెలల తరబడి మెల్లగా కిందికి వచ్చి, చోబే వెళ్లి కలిసే జాంబెజి నది ఏప్రిల్, మే ప్రాంతంలో నిండుగా పారుతుంది; ఆ నీరు చోబేలోకి వెనక్కి తన్ని సెదూదు దీవిని చాలావరకు ముంచేస్తుంది. విక్టోరియా జలపాతం హోరు కూడా అప్పుడే. అదే అక్టోబరు, నవంబరు నెలల్లో జాంబియా వైపు జలపాతంలో చాలా భాగం బండరాయే కనిపిస్తుంది. కానీ చోబేలో ఏనుగులు అప్పుడే వందలకొద్దీ నది ఒడ్డున ఉంటాయి.

అంటే మన సెలవుల భాషలో చెప్పాలంటే, వేసవి సెలవుల్లో వెళితే జలపాతం, దసరా సెలవుల్లో వెళితే ఏనుగులు. రెండూ ఓ మోస్తరుగా కావాలంటే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా. నన్నడిగితే దసరా. అక్టోబరు ఎండ మాత్రం రెంటచింతల ఎండను గుర్తు చేస్తుంది, చెప్పలేదనవద్దు.

"పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే పార్కు చూసినట్టే"

పార్కు విస్తీర్ణం సుమారు 11,700 చదరపు కిలోమీటర్లు. ఒక్క రోజులో మీరు తిరిగేది కసానే వైపున్న నదీతీరంలో ఒక సన్నని అంచు మాత్రమే. టీవీలో చూసిన, ఏనుగులను సైతం వేటాడే సింహాల గుంపులు పార్కు లోపల దూరంగా ఉన్న సవూతి వైపువి. అది గంటల తరబడి ఇసుకదారిలో వెళ్లవలసిన వేరే లోకం.

సమయం ఇంకా ముఖ్యం. జలపాతం దగ్గర బస చేసి వచ్చేవాళ్లు ఉదయం ఏడు, ఏడున్నరకు బయలుదేరి, సరిహద్దు దాటి నది చేరేసరికి ఎండ ఎక్కుతుంది. సాయంత్రం సరిహద్దు దాటి వెనక్కి వెళ్లాలి కాబట్టి పొద్దు వాలకముందే తిరుగుముఖం పట్టాలి. ఏనుగుల విషయంలో ఈ వేళలతో నష్టం లేదు, అవి దిగేది ఆ ఎండవేళే. సింహం, చిరుత కదిలేది తెల్లవారుజామున, మునిమాపున. ఆ రెండు వేళలూ మీకు దక్కవు. అందుకే కసానేలో ఒక్క రాత్రి ఉండమని అందరికీ చెబుతాను: ఉదయం పార్కు గేటు తెరవగానే జీపు, మధ్యాహ్నం మూడు నుంచి పొద్దు గూకేదాకా బోటు. ఖర్చు పెరుగుతుంది, రోజు రెండింతలవుతుంది. రాత్రి సఫారీ మాత్రం అడగవద్దు. చీకటి పడ్డాక పార్కు లోపల వాహనాలు తిరగకూడదు. దారి వదిలి పొదల్లోకి బండి దించడం కూడా కుదరదు. గైడుకు పది డాలర్లు ఎక్కువిచ్చి దించమని బతిమాలిన ఒక పెద్దమనిషి నాకు తెలుసు. గైడు లైసెన్సు ఖరీదు అంతకన్నా ఎక్కువ.

"తలుపుల్లేని బండి, సింహం దూకితే?"

జీపు అని మనం అలవాటుగా అంటాం గానీ అది మెట్లు మెట్లుగా సీట్లు వేసిన ల్యాండ్ క్రూజర్. పక్కలు తెరిచే ఉంటాయి. ఇక్కడి సింహాలు చిన్నప్పటి నుంచి ఈ బండ్లను చూసి అలవాటుపడ్డాయి. బండినీ అందులోని మనుషులనూ కలిపి ఒకే పెద్ద ఆకారంగా చూస్తాయని గైడ్లు చెబుతారు. ఆ ఆకారం చెదిరినప్పుడే చిక్కు. సెల్ఫీ కోసం లేచి నిలబడ్డా, కాలు కిందపెట్టినా, కేక వేసినా అక్కడ కొత్తగా ఒక మనిషి పుట్టినట్టే. కూర్చోండి, గుసగుసగా మాట్లాడండి, అంతే.

గైడ్లు సింహం కన్నా ఏనుగును ఎక్కువగా గమనిస్తారు. చెవులు మెల్లగా ఊపితే కోపమని మనవాళ్లు హడలిపోతారు. అది విసనకర్ర, ఒంటి వేడి తగ్గించుకోవడం. తల పైకెత్తి, చెవులు రెండూ చాపి, కదలకుండా మీ వైపే చూస్తే అది హెచ్చరిక. కణతల దగ్గర తడిచార కారుతున్న ఒంటరి మగ ఏనుగు ఎదురైతే గైడు మాట్లాడకుండా బండి వెనక్కి తీస్తారు. మీరు ఫొటో అందలేదని గొణుగుతారు.

జంతువు కోసం రేడియోలో చెప్పుకుంటారు, నిజమే. కానీ రేడియో ఒక్కటే కాదు. ఇసుకలో అడుగుజాడ అంచు ఇంకా పదునుగా ఉందా, కోతులు ఎటు చూసి అరుస్తున్నాయి, ఇంపాలా జింకలు మేత మానేసి ఎటు తల తిప్పాయి, వీటిని చదువుతారు. నల్లమలలో చెంచులు కొండముచ్చు అరుపు విని చిరుత జాడ చెప్పడం లాంటి విద్యే ఇది.

బట్టలు, వీసా, టిఫిను డబ్బా

ఆఫ్రికా అంటే ఎప్పుడూ ఉడుకే అనుకుని జూన్‌లో పలుచటి చొక్కాతో వచ్చి ఉదయం జీపులో వణికినవాళ్లు లెక్కలేనంతమంది. గాలి కోతకు స్వెట్టరు, చెవులకు మఫ్లరు ఉండాలి. మధ్యాహ్నానికి అవన్నీ విప్పేస్తారు. అడవి కదా అని మిలిటరీ మచ్చల బట్టలు మాత్రం కొనకండి. బోట్స్వానా, జింబాబ్వే, జాంబియాల్లో పౌరులు అవి వేసుకోవడం నిషేధం. ఖాకీ, మట్టిరంగు చాలు. దోమల కాలంలో మలేరియా మందు గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

వీసా విషయంలో ఒక్కటే చెబుతాను. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే జింబాబ్వే వీసాతో చోబేకి వస్తే, సరిహద్దు దాటగానే ఆ వీసా పని అయిపోయినట్టే. సాయంత్రం మళ్లీ రుసుము కట్టాలి. రెండుసార్లు ప్రవేశానికి పనికొచ్చేది ముందే తీసుకోండి. బోట్స్వానాకు ఏం కావాలో ఆ దేశం వెబ్‌సైటులోనే చూసుకోండి, వాట్సాప్ గ్రూపులో కాదు. జాంబియా వైపు నుంచి వచ్చేవాళ్లకు కజుంగులా వంతెన ఉంది. 923 మీటర్ల ఆ వంతెన 2021లో మొదలయ్యే వరకు లారీలు పంటు ఎక్కి నది దాటేవి. పశువులకు గాలికుంటు వ్యాధి రాకుండా సరిహద్దులో చెప్పులను మందునీళ్ల పట్టా మీద తొక్కించడం మామూలు. సంచిలో మాంసం పచ్చడి సీసా ఉంటే అక్కడ వివరించడం కష్టం. ఇంట్లోనే ఉంచి రండి.

చివరిగా, అందరూ చెవిలో అడిగే ప్రశ్న: మధ్యలో బాత్రూము ఉంటుందా? ఉంటుంది. నది ఒడ్డున సెరొండేలా అనే విశ్రాంతి స్థలం దగ్గర బండి దిగవచ్చు. ఒకప్పుడు అది కలప వ్యాపారంతో బతికిన ఊరు. పార్కు ఏర్పడ్డాక ఒక్కొక్కరే ఖాళీ చేసి, 1975 నాటికి మనుషులంతా వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడ మీ టిఫిను డబ్బా మూత ఎప్పుడు తీస్తారా అని కాచుకుని ఉండేవి కోతులే. పులిహోర వాసన వాటికీ నచ్చుతుంది.