నీళ్లు తెల్లబడితే కాసేపు చేతులు కట్టుకోండి: అక్వేరియం అపోహలు – వాస్తవాలు

విశాఖలో ఇళ్లకీ, క్లినిక్‌లకీ తిరిగి అక్వేరియంలు సర్వీసింగ్ చేయడం నా పని. స్కూటర్ ముందు రెండు బకెట్లు, సీటు కింద సైఫన్ పైపు, భుజానికి ఒక సంచి. ఫోన్ మోగిందంటే చాలాసార్లు ఒకటే మాట: "ఏటి బాబూ, నిన్నగాక మొన్నే కడిగాం, నీళ్లు మళ్లీ పాలలా అయిపోయాయి!"

సీతమ్మధారలో ఒక పిన్నిగారి ఇంట్లో రెండడుగుల ట్యాంకు, అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. ప్రతి ఆదివారం ఆవిడ చేపల్ని టబ్బులోకి తీసి, గులకరాళ్లను బియ్యం కడిగినట్టు మూడు నీళ్లలో కడిగి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండి, కొత్త నీళ్లు నింపేవారు. ఆదివారం సాయంత్రం ట్యాంకు అద్దంలా ఉండేది. మంగళవారానికి మజ్జిగ తేట, గురువారానికి కుడితి. ఆవిడ శుభ్రానికి వంక పెట్టలేం. గొడవంతా ఆ శుభ్రంతోనే వచ్చింది.

అపోహ: నీళ్లు మసకబడితే మొత్తం తీసేసి కొత్తవి పోయాలి

చేపల మలం, తినకుండా మిగిలిన మేత కుళ్లితే అమోనియా తయారవుతుంది. చేపల మొప్పల నుంచి కూడా అదే వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం. నైట్రేట్ కొంతవరకు పర్వాలేదు, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ మంచి బ్యాక్టీరియా కాపురం ఎక్కువగా స్పాంజిలో, గులకరాళ్ల మీద, గాజుకి పట్టిన సన్నని జిగురులో ఉంటుంది. నీళ్లలో తేలేవి చాలా తక్కువ. అందుకే "పాత నీళ్లు ఒక బకెట్ దాచి కలిపాం కదా, బ్యాక్టీరియా వచ్చేసినట్టే" అన్న ధీమా కూడా పనికిరాదు. కొత్త ట్యాంకులో ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

పిన్నిగారు ఆ కాపురాన్ని వారం వారం కూలగొట్టేవారు. రాళ్లు, స్పాంజి కుళాయి నీళ్లతో కడిగితే అందులోని క్లోరిన్ మంచి బ్యాక్టీరియాని చంపేస్తుంది. ఇటు మేత మాత్రం పిడికిళ్ల కొద్దీ పడుతోంది. ఖాళీ దొరికింది కదా అని కుళ్లిన మేత తినే వేరే రకం బ్యాక్టీరియా విజృంభిస్తుంది. అది గంటలోపే రెట్టింపు కాగలదు. మంచివాటికి ఒక్కోసారి ఒక రోజు దాకా పడుతుంది. పందెంలో ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. మీకు కనిపించే పాల తెలుపు ఆ తేలే బ్యాక్టీరియానే. దానికి తిండి తగ్గితే దానంతట అదే పోతుంది. మనం మధ్యలో టెన్షన్ పడి మళ్లీ కడిగితే కథ మొదటికొస్తుంది.

ఆ ఇంట్లో నేను చేసింది చెబుతాను. నాలుగు గోల్డ్‌ఫిష్‌లను వాళ్ల బంధువుల సిమెంటు తొట్టికి పంపించి రెండే ఉంచాం. మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. రాళ్లు ముట్టుకోవద్దన్నాను. తర్వాత మంచి బ్యాక్టీరియా కోసం మా ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న ట్యాంకు స్పాంజిని తెచ్చి వాళ్ల ఫిల్టర్ మీద పిండాను. గోధుమరంగు మడ్డి కారింది. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మురికి తీయమని పిలిస్తే తెచ్చి పోస్తావేటి?" అన్నారు. వారానికి రెండుసార్లు పావు వంతు నీళ్లు మాత్రం మార్చమన్నాను. ట్యాంకు వెనక పేపరు పెట్టి ఇటు నుంచి చదవడం నా పరీక్ష. మొదటి రోజు హెడ్డింగు కూడా కనబడలేదు. పన్నెండో రోజు పిన్నిగారే ఫోన్ చేసి చిన్న అక్షరాలు చదివి వినిపించారు.

పావు వంతు అంటే ఎంత? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో లెక్క ప్రకారం దాదాపు 57 లీటర్లు పడతాయి. రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను 45 అనుకోండి. అందులో పావు వంతు పదకొండు, పన్నెండు లీటర్లు, అంటే ఒక బకెట్. కుదురుకున్న ట్యాంకుకి వారానికి అది చాలు. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా ఎయిర్ పంపు రాయి వేసి ఒక రోజు ఉంచండి. నీళ్లు తీసేటప్పుడు సైఫన్ మూతి రాళ్లలోకి గుచ్చితే అడుగున ఉన్న మడ్డి వస్తుంది. ఫిల్టర్ స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి. తెల్లగా రానక్కర్లేదు.

కొత్త ట్యాంకు నింపిన గంటలోపే మసకబడితే అది బ్యాక్టీరియా కాదు, కడగని గ్రావెల్ దుమ్ము. ఆ ఒక్కసారి మాత్రం ముందే బాగా కడగాలి.

అపోహ: సక్కర్ ఫిష్ వేస్తే ట్యాంకు అదే శుభ్రం చేసుకుంటుంది

షాపులో దాన్ని క్లీనర్ ఫిష్ అంటారు. ఆ పేరే కొంప ముంచింది. గాజుకి పట్టిన పాచిని కొంత తింటుంది, నిజమే. మిగతా చేపల మలం మాత్రం ముట్టదు. పైగా తన వంతు పొడవాటి దారాల్లా వదులుతుంది. రెండంగుళాల పిల్లగా వచ్చి, బతికితే అడుగు దాటుతుంది. గాజువాకలో ఒక మాస్టారు, "క్లీనర్‌ని తెచ్చాక ఫిల్టర్ ఎందుకండీ" అని మోటారు తీసి అటక మీద పెట్టేశారు. క్లీనర్‌ని శుభ్రం చేయడానికి నన్ను పిలిచారు.

పెద్దదైపోయిందని దాన్ని తీసుకెళ్లి ముడసర్లోవ రిజర్వాయర్‌లోనో, మేఘాద్రిగెడ్డలోనో వదిలేయకండి. ఇది దక్షిణ అమెరికా చేప. మన చెరువుల్లో, కాలువల్లో ఇప్పటికే చేరి, ముళ్ల ఒళ్లుతో వలలు చింపుతూ జాలర్లను ఏడిపిస్తోంది. షాపువాడికి తిరిగి ఇచ్చేయండి.

అపోహ: పటిక తిప్పితే తేటపడతాయి

వరద నీళ్లకి మన పెద్దవాళ్లు పటిక తిప్పేవారు, చిల్లగింజ అరగదీసి కలిపేవారు. బిందెలో మట్టి కిందికి దిగేది, పైన తేరిన నీళ్లు వంచుకునేవారు. బిందెలో చేపలుండవు కదా! ట్యాంకులో పటిక వేస్తే నీళ్ల క్షారత తగ్గి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోతుంది, దిగిన మడ్డి అక్కడే రాళ్లలో ఉండిపోతుంది. షాపుల్లో అమ్మే క్లారిఫయర్ సీసాలు చేపల కోసం తయారు చేసినవే, వాడొచ్చు. అవి కూడా తేలే నలుసుల్ని గుంపు చేసి ఫిల్టర్‌కి అందిస్తాయంతే. చుట్టాలొచ్చే ముందు రోజుకి పనికొస్తాయి. మేత తగ్గించకపోతే వారానికి మళ్లీ అదే సీసా.

కల్లుప్పు సంగతీ ఇంతే. ఉప్పు నీళ్లను తేటపరచదు. కొన్ని జబ్బులకి కొలతతో వాడే మందు అది. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరవదు, వేసిన కొద్దీ పేరుకుంటుంది. బీచ్ పక్క ఫ్లాట్ల బోర్లలో కొన్నిటి నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి, దానికి తోడు ఇంకొకటా? నీళ్లు మార్చిన ప్రతిసారీ నీలం మందు చుక్కలు వేసే అలవాటూ మానండి. మిథిలీన్ బ్లూ ఫంగస్‌కి మందు. మంచి ట్యాంకులో వేస్తే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది, అంచుల్లోని సిలికాన్ నీలంగా మిగిలిపోతుంది.

అపోహ: ఏ రంగు వచ్చినా మురికే

తెలుపు సంగతి చెప్పాను. ఆకుపచ్చ అంటే కంటికి కనబడని నాచు నీళ్లలో తేలుతోంది. దానికి కావలసినవి వెలుతురు, ఎరువు. మన ఊళ్లో సముద్రం వైపు తూర్పు కిటికీ అంటే ఎవరికైనా ముచ్చటే, ట్యాంకుకి మాత్రం కాదు. అక్కడి నుంచి జరపండి, లైటు ఆరు నుంచి ఎనిమిది గంటలకి మించనివ్వకండి. బాగా ముదిరితే మూడు, నాలుగు రోజులు దుప్పటి కప్పి చీకట్లో ఉంచండి, గాలి పంపు మాత్రం ఆపొద్దు. చచ్చిన నాచు కుళ్లకుండా తర్వాత పావు వంతు నీళ్లు మార్చండి. నిజానికి ఆ ఆకుపచ్చ నీళ్లలో గప్పీ పిల్లలు హాయిగా పెరుగుతాయి.

ఇక టీ డికాషన్ రంగు. ట్యాంకులో చెక్క ముక్క పెట్టిన కొత్తలో వస్తుంది. అవి చెక్క నుంచి ఊరే టానిన్లు, హాని లేదు. కొందరం కావాలనే ఎండిన బాదం ఆకు వేస్తాం. ఫైటర్ చేపలకి ఆ నీళ్లంటే ఇష్టం. మన వీధుల్లో బాదం చెట్లకి కొదవ లేదు, మందు కొట్టని చెట్టు కింద రాలిన ఆకు చాలు. రంగు నచ్చకపోతే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (రంగు పీల్చే బొగ్గు) పెట్టండి, కొన్ని వారాలకి మార్చండి. ఆకుపచ్చకి మాత్రం కార్బన్ పనిచేయదు.

అపోహ: రాత్రి ఫిల్టర్ ఆపితే కరెంటు ఆదా

చిన్న ఫిల్టర్ మోటార్లు తినేది ఐదు నుంచి పది వాట్లు. ఆపితే స్పాంజిలో బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందదు. వేసవిలో మరీ ప్రమాదం. నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 డిగ్రీలకి అది ఏడు చిల్లరకి పడిపోతుంది. మే నెలలో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు అంత వేడెక్కడం మామూలే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో మేమంతా వంతులు వేసుకున్నాం. గంటకోసారి మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి మళ్లీ అదే ట్యాంకులోకి పోయడం, ఓ ఇరవై సార్లు. మేత పూర్తిగా బంద్. చేపలు తిండి లేకుండా కొన్ని రోజులు నిక్షేపంగా ఉంటాయి, గాలి లేకుండా ఉండలేవు. అప్పటి నుంచి బ్యాటరీతో నడిచే గాలి పంపు నా సంచిలో ఉంటుంది.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే చేపలు క్షేమం

ఎంవీపీ కాలనీలో ఒక కుర్రాడు కొత్తగా ట్యాంకు పెట్టిన వారానికి పిలిచాడు. "అన్నా, నీళ్లు క్రిస్టల్‌లా ఉన్నాయి, చేపలేమో పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి." వెళ్లి చూస్తే నిజంగానే మినరల్ వాటర్‌లా ఉన్నాయి. చేపలు పన్నెండు. అడుగున ఆర్కే బీచ్‌లో ఏరుకొచ్చిన శంఖాలు, గవ్వలు అందంగా పేర్చి ఉన్నాయి.

టెస్ట్ ట్యూబులో ఐదు మిల్లీలీటర్లు తీసి, కిట్‌లోని రెండు సీసాల నుంచి చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాం. అమోనియా లేకపోతే పసుపుగానే ఉండాలి. చూస్తుండగానే చిలకపచ్చ అయిపోయింది. అమోనియాకి రంగు లేదు మరి. పీహెచ్ చూస్తే 8 దాటింది. బోరు నీళ్లకే క్షారగుణం, దానికి గవ్వలు తోడు. ఒక గవ్వ తీసి నిమ్మరసం పిండితే సుయ్‌మని నురగ వచ్చింది. గవ్వలో ఉండేది సున్నపురాయిలో ఉండే పదార్థమే. పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కితే అమోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లు పెరుగుతుంది.

"ఇప్పుడేం చెయ్యాలన్నా?"

"సగం నీళ్లు మార్చు."

ఇంతసేపూ నీళ్లు ఎక్కువ మార్చొద్దని చెప్పి ఇదేమిటంటారేమో. మసక వేరు, అమోనియా వేరు. విషం ఎక్కినప్పుడు పలచబరచడం తప్ప ఇంకో దారి లేదు. క్లోరిన్ తీసిన కుళాయి నీళ్లు, ట్యాంకుతో సమానమైన వేడి ఉండేలా చూసుకుని సన్నగా పోశాం. రాళ్లు, స్పాంజి కదపలేదు. మేత ఆపేశాం. ఏడు చేపల్ని అతని స్నేహితుడి పాత ట్యాంకుకి పంపించాం.

మర్నాడు సాయంత్రానికి మిగిలిన ఐదూ కిందికి దిగి తిరుగుతున్నాయని ఫోటో పెట్టాడు. నీళ్లు మాత్రం కాస్త మసకగా ఉన్నాయి. ఉండనీ అన్నాను. ఫోటోలో ఓ మూల, బాల్కనీలో తులసికోట చుట్టూ శంఖాలు వరసగా కనిపించాయి.